గుజ్జు అరిగిందన్నారు, గ్రేడ్ 3 అన్నారు: ఆపరేషన్‌కి ముందు ఏం చేసి చూడాలి

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. తెనాలి దగ్గర పల్లెలో ఉంటున్న మీ అమ్మగారికి 62 ఏళ్లు. ఎత్తు ఐదడుగుల ఒక అంగుళం, బరువు 74 కిలోలు. షుగరుకీ బీపీకీ మాత్రలు వాడుతున్నారు. కొన్నేళ్లుగా రెండు మోకాళ్లూ నొప్పి, కుడిది ఎక్కువ. ఎక్స్‌రే తీసి గ్రేడ్ 3 అన్నారు. గుజ్జు అరిగిపోయింది, రెండు కాళ్లకీ ఒకేసారి ఆపరేషన్ చేయించుకుంటే మేలన్నారు. ఆవిడకేమో ఆపరేషన్ అంటే భయం. చుట్టుపక్కలవాళ్లు "నడవకు, మెట్లెక్కకు, ఉన్న గుజ్జు కూడా పోతుంది" అనడంతో ఆరు నెలలుగా టీవీ ముందు కూర్చుండిపోయారు. ఇంకో దారి ఉందా అని మీ ప్రశ్న.

ఉంది. ఫిజియోథెరపిస్టుగా నా దగ్గరికి వచ్చే మోకాళ్లలో ఎక్కువ భాగం ఇలాంటివే. అయితే మీరు రాసినదంతా చదివాక ఎక్స్‌రే కంటే ఆ ఆరు నెలల కూర్చోవడమే నన్ను ఎక్కువ కంగారు పెట్టింది. ఈ జవాబంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

ముందు గ్రేడ్ సంగతి. ఈ గ్రేడ్లు 1957లో కెల్‌గ్రెన్, లారెన్స్ అనే ఇద్దరు వైద్యులు ఎక్స్‌రేలు చూసి పెట్టినవి, సున్నా నుంచి నాలుగు దాకా. ఎముకల మధ్య సందు ఎంత తగ్గింది, అంచుల్లో ఎముక ముళ్లలా ఎంత పెరిగింది అన్నదే అందులో లెక్క. మనిషి ఎంత దూరం నడుస్తుంది, కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేస్తుందా లేదా అన్నది అందులో ఉండదు. గ్రేడ్ 4 పెట్టుకుని పొలం గట్ల మీద తిరిగే పెద్దాయనా, గ్రేడ్ 2కే ముగ్గు వేయడానికి వంగలేని నలభై ఐదేళ్లావిడా ఒకే పూట నా గది బయట కూర్చుని ఉంటారు. పైగా ఆ ఎక్స్‌రే నిలబెట్టి తీశారో పడుకోబెట్టి తీశారో కనుక్కోండి. బరువు పడనప్పుడు తీస్తే సందు ఉన్నదానికంటే ఎక్కువగా కనబడి లెక్క తప్పుతుంది.

మనం గుజ్జు అనేది నిజానికి ఎముక చివర్లను కప్పి ఉండే నున్నటి పొర. దానికి రక్తనాళాలు లేవు, నొప్పి తెలిపే నరాలూ లేవు. నొప్పి పుట్టేది దాని కింది ఎముకలోంచి, కీలు లోపలి పొర వాచడంలోంచి, కీలు చుట్టూ ఉండే సంచిలోంచి, బిగుసుకుపోయిన కండరాల్లోంచి. రక్తం అందని ఆ పొరకు పోషణ కీలులో ఉండే జిగురు ద్రవం నుంచే వస్తుంది. బరువు పడి, తగ్గి, మళ్లీ పడినప్పుడే ఆ ద్రవం లోపలికీ బయటికీ ఆడుతుంది. అంటే "నడిస్తే గుజ్జు పోతుంది" అని చెప్పినవాళ్లు సరిగ్గా తలకిందులుగా చెప్పారు. కూర్చోబెట్టిన మోకాలికి ఆ పోషణా తగ్గుతుంది, తొడ కండరమూ కరుగుతుంది, బరువూ పెరుగుతుంది. ఆ తర్వాత ప్రతి అడుగు దెబ్బా నేరుగా కీలు మీదే పడుతుంది.

అరిగిన పొరను తిరిగి మొలిపించే మందు ఈ రోజుకి లేదు. ఉందని ఎవరైనా అమ్మితే కొనకండి. కానీ నొప్పి పుట్టే మిగతా చోట్లన్నిటినీ మార్చవచ్చు.

డెన్మార్క్‌లో చేసిన ఒక పరిశోధన 2015లో వెలువడింది. మోకాలి మార్పిడికి తగినవాళ్లే అని డాక్టర్లు తేల్చిన 100 మందిని తీసుకున్నారు. సగం మందికి ఆపరేషన్, ఆ తర్వాత 12 వారాల వ్యాయామం, ఆహార సలహా, మందులు. మిగతా సగానికి ఆపరేషన్ లేకుండా ఆ 12 వారాల కార్యక్రమం మాత్రమే. ఏడాది తిరిగేసరికి ఆపరేషన్ అయినవాళ్లకే ఎక్కువ ఉపశమనం దొరికింది, అది దాచాల్సిన పని లేదు. కానీ రెండో సగంలో కూడా నొప్పి బాగానే తగ్గింది. ఆ 50 మందిలో ఏడాదిలోపు ఆపరేషన్ దాకా వెళ్లినవాళ్లు 13 మందే. తీవ్రమైన ఇబ్బందులు ఆపరేషన్ వైపే ఎక్కువగా వచ్చాయి. అందుకే మీ అమ్మగారికి మూడు నెలలు నిజంగా ప్రయత్నించి చూడమంటాను. ఆ మూడు నెలల్లో పోయేదేమీ లేదు. తర్వాత ఆపరేషన్ అవసరమే అయినా బలమైన తొడతో వెళ్లినవాళ్లు త్వరగా లేచి తిరుగుతారు.

ఇక పని. ఈ సారి ఊరెళ్లినప్పుడు అమ్మగారిని గట్టి మంచం మీద వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లు బారచాపమనండి. మోకాలి వెనక మీ అరచెయ్యి సులువుగా దూరిపోతోందా? అయితే ఆ కాలు పూర్తిగా చాపుకోవడం లేదన్నమాట. నేను ఏ మోకాలినైనా మొదట చూసేది ఇదే. కొద్దిగా వంగి ఉండిపోయిన మోకాలితో నిలబడితే తొడ కండరానికి క్షణం విశ్రాంతి ఉండదు, రెండు గిన్నెలు తోమేసరికి కాళ్లు లాగేస్తాయి. చాలామంది రాత్రి మోకాలి కింద దిండు పెట్టుకుంటారు. అప్పటికి హాయిగానే ఉంటుంది, కొన్ని నెలలకు మోకాలు ఆ వంపులోనే బిగుసుకుంటుంది. దిండు తీసేయండి. తువాలు చుట్టచుట్టి మడమ కింద పెట్టి, మోకాలి కింద ఖాళీ వదిలి, అలా పది నిమిషాలు ఉండమనండి. పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి. అలా ఉన్నప్పుడే తొడ బిగించి మోకాలిని మంచం వైపు నొక్కుతూ ఐదు అంకెలు లెక్కపెట్టి వదలాలి, పదిసార్లు.

రెండోది కుర్చీలోంచి లేవడం. అన్నిటికంటే పెద్ద మందు ఇదే. ప్లాస్టిక్ కుర్చీ జారుతుంది, చెక్క కుర్చీని గోడకు ఆనించి వేయండి. ఎత్తు చాలకపోతే రెండు దుప్పట్లు మడిచి వేయండి. పాదాలు మోకాళ్ల కంటే కొంచెం వెనక్కి, ఒంటిని ముందుకు వంచి, చేతులు గుండెల మీద కట్టుకుని లేవాలి. లేచాక కూర్చోవడంలోనే కిటుకంతా ఉంది. మనవాళ్లు దాదాపు అందరూ సగం దాకా దిగి దబ్బున కూలబడతారు. అలా కాకుండా మూడు లెక్కపెడుతూ మెల్లగా కూర్చోవాలి. ఆ మెల్లగా దిగడంలోనే తొడ కండరం పెరుగుతుంది. ఎనిమిది పదిసార్లు చేసి, కాస్త ఆగి మళ్లీ ఓ విడత, రోజు విడిచి రోజు. తేలికయ్యాక ఒక దుప్పటి తీసేయండి, ఇంకొన్నాళ్లకు రెండోదీ తీసేయండి. ఇలా కష్టం పెంచుకుంటూ పోకపోతే కండరం ఎక్కడిదక్కడే ఉండిపోతుంది. మన ఇళ్లలో వ్యాయామం పనిచేయకపోవడానికి మొదటి కారణం ఇదే: మొదటి రోజు చేసిందే ఆరు నెలల తర్వాత కూడా చేస్తుంటారు.

పక్కకు తిరిగి పడుకుని పై కాలిని మోకాలు వంచకుండా పైకి ఎత్తడం తుంటి పక్క కండరానికి. నడుస్తుంటే పక్కలకు ఊగుతున్నారంటే ఆ కండరం నీరసించిందనే. గోడ పట్టుకుని వీధి గుమ్మం మెట్టు ఒక్కటి ఎక్కి దిగడం రెండో నెలలో కలపండి. ఇంతకు మించి పెద్ద జాబితా అక్కర్లేదు. పదిహేను వ్యాయామాల కాగితం ఇచ్చి పంపితే ఒక్కటీ చేయరు.

చేస్తుంటే నొప్పి వస్తుంది. రానివ్వండి. సున్నా నుంచి పది లెక్కలో నాలుగైదు దాకా పర్వాలేదు, మర్నాడు పొద్దునకి మామూలు స్థాయికి వచ్చేస్తే చాలు. మర్నాడు వాపు వచ్చినా, నొప్పి ముందటి రోజు కంటే ఎక్కువున్నా సగానికి తగ్గించండి, పూర్తిగా మాత్రం మానొద్దు. మొదటి రెండు వారాలు "ఇదివరకే నయం" అంటారు, ఇంట్లో ఎవరో ఒకరు "వద్దులే అమ్మా" అంటారు. అక్కడ ఆగిపోయినవాళ్లే "ఫిజియో చేయించాం, తగ్గలేదు" అని చెబుతారు. కండరంలో తేడా తెలియడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది.

మా వృత్తి గురించి ఒక మాట. చాలా సెంటర్లలో ఫిజియోథెరపీ అంటే పడుకోబెట్టి కరెంటు ప్యాడ్లు పెట్టడం, లైటు కాపడం, పది రోజుల ప్యాకేజీ. దానితో కొన్ని గంటల హాయి ఉంటుంది, అంతే. వెళ్లిన చోట అమ్మగారి చేత చెమట పట్టేలా పని చేయించకపోతే ఆ డబ్బు పెట్టి మంచి చెప్పులు కొనండి. వేడి కాపడం ఇంట్లోనే పెట్టుకోవచ్చు. షుగరు ఉన్నావిడ కాబట్టి కాళ్లలో స్పర్శ తగ్గి ఉండవచ్చు, ఎంత వేడిగా ఉందో ముందు మీ చేత్తో చూసి పెట్టండి.

నడక ఒకేసారి అరగంట అక్కర్లేదు, పది నిమిషాల చొప్పున మూడుసార్లు చాలు. కుడి మోకాలు ఎక్కువ నొప్పి కాబట్టి కర్ర ఎడమ చేతిలో పట్టుకోవాలి. దాదాపు అందరూ నొప్పి ఉన్న వైపే పట్టుకుని వస్తారు, దానివల్ల ఉపయోగం తక్కువ. చెయ్యి కిందికి వదిలేస్తే మణికట్టు దగ్గరికి కర్ర పిడి రావాలి. "కర్ర పట్టుకుంటే ముసలిదాన్నైపోయినట్టు" అంటారు. ఈ మూడు నెలలకేనని చెప్పి ఒప్పించండి. మెట్లు ఎక్కేటప్పుడు ముందు ఎడమ కాలు, దిగేటప్పుడు ముందు కుడి కాలు, చెయ్యి పిట్టగోడ మీద.

ఇప్పుడు బరువు. 2005లో అమెరికాలో చేసిన కొలతల్లో ఒక కిలో బరువు తగ్గితే ప్రతి అడుగుకీ మోకాలి మీద భారం సుమారు నాలుగు కిలోలు తగ్గుతుందని తేలింది. అదే బృందం 2013లో 454 మంది మీద ఏడాదిన్నర పాటు చేసిన పరిశోధనలో తిండి మార్పు, వ్యాయామం రెండూ కలిపి చేసినవాళ్లకే నొప్పి అందరికంటే తగ్గింది. 74 కిలోల మనిషికి పది శాతం అంటే ఏడున్నర కిలోలు. అంత కాకపోయినా, మొదటి నాలుగు కిలోలకే తేడా తెలుస్తుంది.

ఎలా అంటే, ఉపవాసాలతో మాత్రం వద్దు. 62 ఏళ్ల వయసులో కడుపు మాడిస్తే కొవ్వుతో పాటు కండరమూ పోతుంది, మనం పెంచుతున్నది దాన్నే. కంచంలో అన్నం తగ్గి, పప్పు, కూర, గుడ్డు, చేప పెరగాలి. రాత్రి అన్నం బదులు రెండు పుల్కాలు అని చెప్పి వాటి మీద నెయ్యి పోస్తే లాభం లేదు. టీలో పంచదార, సాయంత్రం జంతికలు, పండక్కి మీరు హైదరాబాద్ నుంచి తెచ్చే మిఠాయి డబ్బా, ఇవే ఎక్కువ. షుగరు మాత్రలు వేసుకుంటూ తిండి తగ్గిస్తే షుగరు పడిపోవచ్చు కాబట్టి డాక్టరుకి ముందే చెప్పి మోతాదు చూపించుకోండి. అలాగే, ఊబకాయమూ మోకాలి అరుగుదలా రెండూ ఉన్నవాళ్లకు ఆకలి తగ్గించే సెమాగ్లూటైడ్ ఇంజెక్షన్ వారానికొకసారి ఇచ్చి చూసిన పరిశోధన 2024లో వచ్చింది. 68 వారాల్లో బరువు 13.7 శాతం తగ్గింది, మోకాలి నొప్పి కూడా మందు లేని ఉత్తుత్తి ఇంజెక్షన్ తీసుకున్నవాళ్ల కంటే బాగా తగ్గింది. అమ్మగారి ఎత్తూ బరువూ ఊబకాయం లెక్కలోకే వస్తాయి కనుక షుగరు డాక్టర్ని ఒక్కసారి అడగడంలో తప్పు లేదు. అయితే అది తీసుకున్నా కుర్చీ వ్యాయామం మానడానికి లేదు.

మందుల్లో నేను మొదట చెప్పేది పైన రాసుకునే నొప్పి మందు, డైక్లోఫినాక్ జెల్. దాన్ని వాడినవాళ్లలో పదిమందికి తొమ్మిదిమంది శనగగింజంత రాసి పనిచేయలేదంటారు. ఒక శాతం జెల్ అయితే మోకాలికి ఒక్కసారికి నాలుగు గ్రాములు, రోజుకు నాలుగుసార్లు. అంటే 30 గ్రాముల ట్యూబు ఒక మోకాలికి రెండు రోజులు కూడా సరిగా రాదు. రెండింటికీ అంత రాయడం ఖర్చు అనుకుంటే ఎక్కువ నొప్పి ఉన్న కుడిదానికే రెండు వారాలు సరిగా రాసి చూడండి.

నొప్పి మాత్రల విషయంలో మీ అమ్మగారికి ప్రత్యేకంగా జాగ్రత్త చెప్పాలి. బీపీ మాత్ర చీటీ చూడండి. టెల్మిసార్టాన్ లాంటి మందు, దానితో కలిపి మూత్రం ఎక్కువ పోయే మందు చాలామందికి ఒకే మాత్రలో ఉంటాయి. వాటి మీద మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న డైక్లోఫినాక్, ఎసిక్లోఫినాక్ రోజూ వేసుకుంటే మూడూ కలిసి కిడ్నీలను దెబ్బతీస్తాయి. షుగరు ఇప్పటికే కిడ్నీల మీద పనిచేస్తూ ఉంటుంది. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్త పరీక్ష చేయించకుండా ఆ మాత్రలు రోజూ వాడనివ్వకండి. తప్పనిసరైతే డాక్టరు చెప్పిన కొద్ది రోజులు, కడుపుకు రక్షణ మాత్రతో. పారాసెటమాల్ ఈ నొప్పికి పెద్దగా పనిచేయదు.

ఇంతకంటే భయపెట్టేది ఊళ్లో పొట్లాల్లో ఇచ్చే పొడులు. రెండు రోజుల్లో నొప్పి మాయమై, ఆకలి పెరిగి, ముఖం గుండ్రంగా ఉబ్బి, షుగరు అదుపు తప్పిందంటే అందులో స్టెరాయిడ్ కలిపారని అనుమానించాల్సిందే. నెలల తరబడి వాడి ఉంటే ఒక్కసారిగా ఆపడమూ ప్రమాదమే, డాక్టరు దగ్గరికి పొట్లంతో సహా తీసుకెళ్లండి.

గుజ్జు కోసమని అమ్మే గ్లూకోసమిన్, కాండ్రాయిటిన్ మాత్రల మీద అమెరికాలో 1583 మందితో చేసిన పెద్ద పరిశోధన 2006లో వచ్చింది. మొత్తం మీద చూస్తే ఉత్తుత్తి మాత్ర కంటే మెరుగేమీ కనబడలేదు. విటమిన్ డి తక్కువుంటే ఎముకల కోసం సరిచేసుకోండి, మోకాలి నొప్పి దానితో పోతుందని ఆశ పెట్టుకోకండి.

ఇంజెక్షన్ల గురించి కూడా అడిగారు. కీలు బాగా వాచి, వ్యాయామం మొదలుపెట్టడానికే వీల్లేనప్పుడు ఒక స్టెరాయిడ్ ఇంజెక్షన్ కొన్ని వారాల వెసులుబాటు ఇస్తుంది. ఆ వారాలు వాడుకుని కాలు బలపరుచుకుంటేనే దానికి అర్థం. 2017లో వచ్చిన పరిశోధనలో మూడు నెలలకొకటి చొప్పున రెండేళ్లు వేస్తే గుజ్జు ఇంకా ఎక్కువ తగ్గింది, నొప్పిలో మాత్రం మందు లేని ఉప్పునీటి ఇంజెక్షన్‌కీ దానికీ తేడా రాలేదు. షుగరు కొన్ని రోజులు పెరుగుతుంది కూడా. "గుజ్జు ఎక్కించే" ఇంజెక్షన్ పేరుతో వేసే హయలురోనిక్ యాసిడ్ గుజ్జు ఎక్కించదు. దాన్ని మామూలుగా అందరికీ వాడమని అమెరికా ఎముకల వైద్యుల సంఘం చెప్పడం లేదు. మన రక్తం తీసి తిప్పి వేసే పీఆర్‌పీని 2021లో ఆస్ట్రేలియాలో 288 మంది మీద పరీక్షిస్తే ఏడాదికి ఉప్పునీటి కంటే మెరుగు కాదని తేలింది. అవి వేయించుకుని బాగుందన్నవాళ్లు నాకూ తెలుసు. మీ జేబులోంచి అయితే ఆ డబ్బుతో వెస్టర్న్ కమోడ్ పెట్టించమంటాను.

అవును, ఇంట్లో ఆ ఒక్క మార్పు తప్పకుండా చేయండి, పక్కన పట్టుకోవడానికి గోడకు ఒక కమ్మీతో సహా. రోజూ గొంతుక్కూచుని లేవడంలోనే మోకాలి చిప్ప మీద అన్నిటికంటే ఎక్కువ ఒత్తిడి పడుతుంది. పీట బదులు స్టూలు మీద స్నానం, కూరగాయలు తరగడం బల్ల మీద. బాసింపట్టు వేసుకుని కూర్చోవడం పాపమేమీ కాదు, పూజకి పది నిమిషాలు కూర్చుని నొప్పి లేకుండా లేవగలిగితే కూర్చోనివ్వండి. అరిగిపోయి పలచబడిన హవాయి చెప్పులు మార్చి, వెనక పట్టీ, గట్టి అడుగు ఉన్నవి కొనండి. తిరుమల నడిచి వస్తానని మొక్కుకున్నారని రాశారు. అలిపిరి దారి 3,550 మెట్లు, ఈ ఏడాదికి బస్సే. దేవుడికి కారణం తెలుసు.

ఇక ఆపరేషన్ ఎప్పుడు? మూడు నుంచి ఆరు నెలలు ఇదంతా నిజంగా చేశాక కూడా రాత్రి నిద్ర పట్టనంత నొప్పి ఉంటే, ఇంట్లో గది నుంచి గదికి నడవడమే గగనమైతే, కాలు విల్లులా వంగుతూ పోతుంటే, చాపుకోవడం నెలనెలా తగ్గుతుంటే ఇక సాగదీయకండి. మోకాలి మార్పిడి అలాంటివాళ్లకు నిజంగా మంచి ఆపరేషన్. ఇంప్లాంట్ల ధరకు కేంద్రం 2017 ఆగస్టులో గరిష్ఠ పరిమితి కూడా పెట్టింది, బిల్లులో ఇంప్లాంట్ ధర విడిగా చూపించమని అడగండి. రెండూ ఒకేసారి చేయించాలా అన్నది షుగరు, గుండె పరిస్థితిని బట్టి మత్తు డాక్టరుతో కలిసి తేల్చుకోవాల్సింది. ప్యాకేజీలో తగ్గింపు వస్తుందని తేల్చేది కాదు. కీలులోకి చిన్న కెమెరా గొట్టం పెట్టి కడిగే చిన్న ఆపరేషన్ (ఆర్త్రోస్కోపీ) మాత్రం ఈ అరుగుదలకు వద్దు. ఉత్తినే చర్మం మీద కోత పెట్టి కుట్టేసినవాళ్లకు వచ్చినంత ఉపశమనమే దాంతోనూ వచ్చిందని 2002లోనే తేలింది.

మోకాలు ఒక్కసారిగా ఎర్రగా వేడిగా వాచి జ్వరం వచ్చినా, ఒక కాలి పిక్క మాత్రమే ఉబ్బి నొప్పి పెట్టినా, పడిపోయాక కాలు మోపలేకపోయినా ఈ వ్యాయామాలన్నీ పక్కన పెట్టి ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

వచ్చే ఆదివారం ఊరెళ్తున్నానన్నారు కదా. కుర్చీలోంచి అర నిమిషంలో చేతులు ఆనించకుండా ఎన్నిసార్లు లేచి కూర్చోగలుగుతున్నారో లెక్కపెట్టి, క్యాలెండరు మీద రాసి పెట్టండి. బరువూ పక్కనే రాయండి. నెలకోసారి అదే కుర్చీ, అదే లెక్క. ఆ అంకె, మంచం మీద మోకాలి వెనక చెయ్యి దూరిందా లేదా, బీపీ మాత్ర పేరు, క్రియాటినిన్ ఎంత అన్నది నాకు రాస్తే కుడి కాలికి రెండో నెల నుంచి ఏం కలపాలో చెబుతాను.